అలేఖ్యను నిద్రపుచ్చిన సముద్రం

మస్కట్ చూసి రావాలన్న ఆలోచన అవేజన్నది. ఆయనా, మా ఆయన గోపాలూ ఆ దేశంలోనే ఒకే కంపెనీలో పనిచేసి వచ్చారు. ఇప్పుడు కరీంనగర్‌లో ఇద్దరూ కలిసి ఏసీలు రిపేరు చేస్తున్నారు. పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి రెండు జంటలమే, నాలుగు రోజులు వెళ్లొద్దామన్నాడు.

నాకేమో ఒకటే గుబులు. మా మూడేళ్ల పాప అలేఖ్య మా అవ్వ దగ్గర పగలు ఆడుకుంటుంది, మరి రాత్రి నేను లేకుంటే పడుకుంటుందా?

పాప పుట్టినప్పుడు గోపాల్ అక్కడే ఉన్నాడు. రోజూ ఫోన్ చేసేవాడు. వెనుక ఒకటే హోరు. "సముద్రం ఒడ్డున బండ మీద కూసున్న" అనేవాడు. పాప ఏడిస్తే ఫోన్ దాని చెవి దగ్గర పెట్టేదాన్ని. ఆ హోరుకు నిద్రపోయేది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు సముద్రమంటే అప్పటికి పుస్తకంలో నీలిరంగు బొమ్మే.

ఆదివారం అవేజన్న వాళ్లింట్లో చాయ్ తాగుతూ కూర్చున్నాం. అవేజన్న ఫోన్‌లో చూసి కోట, పాత బజారు, సాంబ్రాణి దుకాణాలు అని ఒక్కొక్కటే చెబుతున్నాడు.

"సాంబ్రాణి చెట్టుకు కాస్తదా అన్నా?" అని అడిగాను.

"కాయదు చెల్లె. బెరడు గీస్తే పాల లెక్క కారి గట్టిపడ్తది."

"వినోద గిట్ల అడుగుకుంటనే ఊరంతా తిరిగొస్తది" అంది అవేజన్న భార్య యాస్మీన్, నన్ను చూసి.

"అవన్నీ తర్వాత. ముందుగాల ఈయన కూసున్న బండకాడికి పోదాం. గా సప్పుడు ఫోన్‌ల పట్టి అవ్వకు పంపుత, పాప పంటది. గది కాకుంటే నేను రాను" అన్నాను.

అవేజన్న చాయ్ కప్పులోకి చూశాడు. గోపాల్ తన కప్పు కింద పెట్టాడు.

"బండ యాదికి లేదా, పక్కన కూసున్న పిల్ల యాదికుందా?" అని గోపాల్‌ను చూసి నవ్వింది యాస్మీన్.

"బండ లేదు" అన్నాడు గోపాల్. "సముద్రం గూడ లేదు. మాది ఎడారి సైటు. క్యాంపు ఎనుక పెద్ద ఏసీ మిషన్లుండె. గా హోరు గవ్విటిదే."

"మరి సముద్రమని చెప్తివి?"

"నువ్వు ఫికర్ పడ్తవని."

ఎందుకో కోపం రాలేదు. అడగాలనిపించింది.

"మిషన్ల ఎనుక వేడి గాలి కొడ్తది గదా. గాడనే ఎందుకు కూసుంటివి?"

"రూముల పది మందిమి. నీతోని మాట్లాడెతందుకు గాడొక్కటే జాగ."

"సముద్రం సప్పుడు ఎట్లుంటది మరి?"

"నాకు గూడ ఎర్కలే. విమానంలకెల్లి చూసుడే."

"అన్నా, మొదటి దినమే సముద్రం పెట్టు" అన్నాను అవేజన్నతో.

"మరి పాప?" అంది యాస్మీన్.

గోపాల్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "మన రిపేరు దుకాణంకు రా, పాపను తీస్కొని" అన్నాడు నాతో.

దుకాణంలో రిపేరుకొచ్చిన పెద్ద ఏసీ మిషన్ ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేసి, దగ్గర ఫోన్ పెట్టి ఆ చప్పుడు రికార్డు చేశాడు. నా భుజం మీద అలేఖ్య కాసేపు తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెడ మీద దాని ఊపిరి బరువెక్కింది.

పాపను గోపాల్‌కు అందించి, మిషన్ వెనక్కి వెళ్లాను. ఆ వేడి గాలిలో కాసేపు కూర్చున్నాను.