నడుం లోతు నీళ్లు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, తలుపు తీసే ఉంది. ఒకే గాలానికి రెండు బాస్ చేపల్ని లాగి, వాటి తోక పట్టుకుని వేలాడుతున్న మూడోదాన్ని బతిమాలి వెనక్కి పంపిన చెయ్యి ఇది. అలాంటివాడికి అబద్ధంతో పనేముంటుంది?

సెప్టెంబర్ వచ్చేసరికి అమెరికాలోని మా మెయిన్ రాష్ట్రంలో కెటిల్ వాగు చిక్కిపోతుంది. దిగువ చెరువులో నాచు ఎంత దట్టంగా అల్లుకుంటుందంటే, ఈ కథ జరిగిన ఏడు దాని మీద కుర్చీ వేసుకుని భోంచేశాను. బాస్ చేపలు ఆ నాచు కిందే నీడపట్టున పడుంటాయి. ఎరగా వేసిన రబ్బరు కప్ప నెత్తిమీద గెంతితే తప్ప కదలవు. ట్రౌట్ చేపలకు ఆ సుఖం లేదు, వాటికి చల్లదనం కావాలి. ఎగువన ఊట దగ్గర, ఎర్ర రంగు పూసిన బండ పక్కన, నాలుగంగుళాల నీళ్లలో వీపులు బయటపడి రొప్పుతుంటాయి. అలాంటప్పుడు వాటికి గాలం వెయ్యం. అలసిన ట్రౌట్‌ని పట్టినవాడికి మా ఊళ్లో ఎవరూ కాఫీ పొయ్యరు.

ఓడీల్ గాన్యో మాత్రం రోజూ పొద్దున వాగులోకి దిగి ఒక గంట నిలబడేది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ నీళ్లు ఆమె నడుం దాకా వస్తాయి, చిన్నప్పటినుంచీ అంతే. పోస్టాఫీసు ముందు వాన గుంటలో కాలు పెట్టినా నడుం దాకానే.

"గుంట చుట్టూ తిరిగి రావే ఓడీల్, కొత్త బూట్లు వేసుకున్నా," అని కేకేసేది పోస్టాఫీసు నడిపే బెర్నిస్. ఓడీల్ చుట్టూ తిరిగే వచ్చేది. వాగులో ఆమె నిలబడ్డ ఆ గంటా ట్రౌట్లు లోతులో చేరి తేరుకునేవి.

ఆ ఏడు ఒక సీసా నీళ్ల కంపెనీ కన్ను ఊట మీద పడింది. మూడో సోమవారం సర్కారు మనిషి వచ్చి ఎర్ర బండ దగ్గర లోతు కొలుస్తాడు. రెండడుగులకు తగ్గితే ఇది ట్రౌట్ల వాగు కాదని రాస్తాడు, ఊట కంపెనీకి పోతుంది.

సోమవారం వెండెల్ స్ప్రేగ్ అనే ఆ సర్కారు మనిషి మెరిసే బూట్లతో కారు దిగేసరికి, ఓడీల్ బండ పక్కన గాలపు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అతను గట్టు మీంచి పొడుగాటి కొలకర్ర దించాడు.

"మూడడుగులు. సరే అమ్మా, మీరు గట్టెక్కండి. మళ్లీ కొలవాలి."

"కొలిచావుగా. రాసుకో."

"మీ సంగతి విన్నాను. మీరుంటే వచ్చిన నీళ్లు లెక్కలోకి రావండీ."

"ఆ మాట నీ కాగితంలో ఎక్కడుందో చదువు."

చదివాడు. తిరగేసి చదివాడు. లేదు.

"అయితే మీరు బయటికొచ్చేదాకా కూర్చుంటా. ఎంతసేపు నిలబడతారు?"

"నా టోపీకి చేపల లైసెన్సు గుచ్చి ఉంది, నెలాఖరుదాకా చెల్లుతుంది. భోజనం తెచ్చుకున్నావా, నాయనా?"

తెచ్చుకోలేదు. మధ్యాహ్నం ఓడీల్‌కి బీన్స్ గిన్నెను గాలపు కర్రకు కట్టి నలభై గజాల దూరం నుంచి అందించాను, ఒక్క గింజ ఒలకలేదు. బెర్నిస్ స్ప్రేగ్‌కీ ఒక గిన్నె ఇచ్చింది. "తిను. తింటూ కాస్త సిగ్గుపడు," అంది.

మూడింటికి ఓడీల్ పెదాలు నీలంగా మారాయి. మోకాళ్ల వణుకుకి చుట్టూ అలలు లేస్తున్నాయి.

"ఇక చాలు, వచ్చెయ్యి ఓడీల్," అన్నాను.

"నువ్వు నిలబడితే నీళ్లొస్తాయా?"

"రావు."

"మరి నోరు మూసుకో."

నాలుగింటికి వాగులో ఉన్న ట్రౌట్లన్నీ దూడల్లా ఆమె చుట్టూ చేరాయి. వాటిలో చెయ్యంత పొడుగుది (నా చెయ్యి కాదు, మా అన్నయ్యది) ఒకటి స్ప్రేగ్ కొలకర్రను రాసుకుని పైకి లేచి, నీళ్లు చప్పుడయ్యేలా మునిగింది. స్ప్రేగ్ మెల్లిగా లేచి నిలబడ్డాడు. ఆ మొహం నాకు తెలుసు, అద్దంలో రోజూ చూస్తాను. మా దగ్గర సర్కారువాడి కారులో కూడా గాలపు కర్ర ఉంటుంది.

"తేరుకున్నాయా ఇవి?" అని మాత్రం అడిగాడు. మర్యాద తెలిసినవాడే.

ఓడీల్ నీళ్ల చల్లదనం చూసేందుకు దారానికి కట్టి వేసిన థర్మామీటర్ పైకి లాగి చూసింది. "తేరుకున్నాయి. వెయ్యి."

కారులోంచి గాలపు కర్ర తెచ్చుకుని, మెరిసే బూట్లతోనే దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. మూడో విసురుకే ఆ పెద్దది పడింది. రెండు చేతులా నీళ్లలోనే పట్టుకుని, అది ఊపిరందుకునేదాకా ఆగి, వదిలేశాడు.

"ఇప్పుడు చెప్పు, ఇది ఏ వాగు?" అంది ఓడీల్.

తడి వేళ్లతోనే రాశాడు. లోతు మూడడుగులు. ట్రౌట్లు ఉన్నవి, ఒకటి నా చేతులతో పట్టితిని. సంతకం.

అప్పుడు ఆమె నీళ్లలోనే నిలబడ్డ అతని భుజం ఆసరా చేసుకుని, అడుగులో అడుగేసుకుంటూ గట్టెక్కింది. మేమంతా ఎర్ర బండనే చూస్తున్నాం. నీళ్లు తగ్గలేదు. పైగా నాలుగంగుళాలు పెరిగి, సరిగ్గా స్ప్రేగ్ నడుం దగ్గర ఆగాయి. అతను ఎడమకు జరిగితే నీళ్లూ జరిగాయి.

"నీకు రబ్బరు బూట్లు కావాలి," అంది బెర్నిస్.

ఇంటికి పోతూ ఓడీల్ పోస్టాఫీసు ముందు ఆగి, గుంటలోకి కాలు పెట్టింది. మడమలే తడిశాయి. ఇంకో రెండుసార్లు ధనాధన్ తొక్కి, బెర్నిస్ కొత్త బూట్లు పాడుచేసి మరీ వెళ్లింది.

నమ్మరా? సాక్షి ఉన్నాడు. ఉద్యోగం మానేసి ఊట పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. రేపు పొద్దున ఎర్ర బండ దగ్గరికి వెళ్లి, నీళ్లలో నిలబడి ఉన్న ఆయన్ని అడగండి. పేరు వెండెల్ స్ప్రేగ్.