ఉడుంపట్టు

దర్జీ మాస్టారు నాలుగు ప్యాంటు గుడ్డలు గబగబా కత్తిరించాడంటే చాలు, వేళ్లు కత్తెర చుట్టూ బిగుసుకుపోతాయి. కాసేపు ఆగితే గానీ విడవవు. చలికాలమైతే మరీను. కొట్లోవాళ్లు ‘ఉడుం మాస్టారు’ అని పేరు పెట్టేశారు. ఆయనా నవ్వేసేవాడు. నవ్వక చేసేదేముంది?

ఈ ఏడు మాత్రం నవ్వు రాలేదు. గబగబా మెట్లెక్కితే కాళ్లు కూడా కొయ్యబారుతున్నాయి. కండలు కరిగిపోయే జబ్బొకటుందని, అది ఇలాగే మొదలవుతుందని ఎవడో పుణ్యాత్ముడు చెప్పిపోయాడు. ఇలాంటివాళ్లు చెప్పేసి హాయిగా నిద్రపోతారు, నిద్ర పట్టనిది విన్నవాడికే. ముప్ఫై ఏళ్లుగా ఆ చెయ్యే ఆయనకు అన్నం పెడుతోంది. అది పోతే ఇంకేం మిగులుతుంది?

ఆసుపత్రిలో చిన్న కండముక్క తీసి పరీక్షకు పంపారు. ఇవాళ భార్యను వెంటబెట్టుకుని ఫలితం కోసం వచ్చాడు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి చెయ్యి చాపింది.

“నా చెయ్యి గట్టిగా పిసుకుతూ వదులుతూ ఉండండి. గబగబా.”

పన్నెండోసారి పిసికాక చెయ్యి విడవలేదు. మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు.

“వదలండి, ఏమిటా పని!” అంది భార్య.

“ఆయన వదలకపోవడం కాదమ్మా, వదలలేకపోతున్నారు” అంది డాక్టరమ్మ నవ్వుతూ, చెయ్యి అలాగే ఉంచి. “కండ బిగుసుకోవాలంటే దాని లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికి రావాలి. సడలాలంటే మళ్లీ ఆ సంచుల్లోకే పోవాలి. దాన్ని తోడిపోసే ప్రొటీన్ ఒకటుంది. ఈయనలో అది మందకొడి.”

“అయితే పాలు మాన్పించనా?”

“వద్దమ్మా. తినే కాల్షియంతో వచ్చిన చిక్కు కాదిది, పుట్టుకతో వచ్చింది.”

మాస్టారు ముందుకు వంగాడు. “కండలు కరిగిపోతాయా?”

“ఇది ఆ జబ్బు కాదు. ఆగి ఆగి పని చేసుకోండి, చేతులు వెచ్చగా ఉంచుకోండి. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తిచ్చే డాక్టరుకు ముందే చెప్పండి.”

“మరి కత్తెర?”

“నిక్షేపంలా పట్టుకోండి.”

అప్పటికి వేళ్లు సడలాయి. మాస్టారికి గుండెల మీంచి బండ దించినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

బయట మెట్ల దగ్గర భార్య ఆగిపోయింది.

“ఏమండీ, పెళ్లికి ముందు నేను ఊరెళ్లిపోతుంటే పరుగెత్తుకొచ్చి, బస్సు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు గుర్తుందా? కండక్టరు తిట్టినా వదల్లేదు. ఇంత ప్రేమున్న మనిషిని కాదనుకోకూడదని దిగిపోయాను. అదీ కాల్షియమేనా?”

మాస్టారికి బాగా గుర్తే. ఆ రోజు పొద్దున్నుంచీ కత్తెర పనే, పైగా చలి. పాతికేళ్లుగా ఆ గొప్పంతా తన ఖాతాలోనే వేసుకుంటూ వచ్చాడు.

“వదలలేకపోయిన మాట నిజమే” అన్నాడు చివరికి. “కానీ జబ్బంతా విడవడంలోనే ఉందట కదా. పట్టుకున్నది మాత్రం నేనే.”

“మాటలకేం తక్కువ లేదు” అని ఆవిడ పకపకా నవ్వి, ఆయన చెయ్యి అందుకుంది. “మెల్లగా దిగండి.”

ఆవిడ కండల్లో ఏ లోపమూ లేదు. అయినా ఆఖరి మెట్టు దిగాక కూడా వదల్లేదు.