పడవ ముక్కు పన్నెండు

సెలవులకి అత్త వాళ్ళ ఊరు వెళ్ళాను. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. సగం మంది చేపలు పడతారు, మిగతా సగం తిమింగలాలు చూడడానికి వచ్చేవాళ్ళని పడవల్లో తిప్పుతారు. పడవ ముందు నిలబడి తిమింగలం ఎక్కడ తేలిందో అరిచి చెప్పడం మావయ్య పని. ఇరవై ఏళ్ళుగా అదే.

వెళ్ళిన రెండో రోజే నాకు తెలిసిపోయింది. పళ్ళెం పక్కనే ఉన్న గ్లాసు కోసం మావయ్య నేలంతా తడిమాడు. అత్త దాన్ని ఆయన చేతికి అందించి, నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున మావయ్య నన్ను కూడా పడవెక్కమన్నాడు. "నీకు కనబడింది నా చెవిలో చెప్పు కోడలా, అరవడం నా వంతు. ఎలాగూ నీ గొంతు ఇంట్లో పిల్లికి కూడా వినబడదు కదా!"

నవ్వి, సరేనన్నాను. చూపు పోయిందని తెలిస్తే, పడవ నడిపే సరంగు ఆయన్ని ఒక్కరోజు కూడా పనిలో ఉంచడు.

పడవలో కుడి, ఎడమ అనరు. గడియారం చెబుతారు. పడవ ముక్కు పన్నెండు, తోక ఆరు, కుడి పక్క మూడు, ఎడమ పక్క తొమ్మిది. డైరీలో బొమ్మ గీసుకుని బట్టీ పట్టాను.

ఆకాశం మసిగుడ్డలా ఉంది. దూరంగా నీళ్ళు చిమ్మడం కనబడగానే "రెండు" అన్నాను. "రెండు గంటలు!" అని మావయ్య కేక పెట్టాడు. పడవ తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు.

"అన్నా, నీవి కళ్ళా, దుర్భిణీలా?" అన్నాడు సరంగు. మావయ్య నా భుజం తట్టాడు.

తర్వాత వాన మొదలైంది. జల్లు మొహాన కొడుతుంటే వెనక్కి తిరిగి కూర్చున్నాను. అంతలో నా ఎడమ పక్క, బాగా దగ్గర్లో, నల్లటి వీపు తేలింది.

"తొమ్మిది!" అన్నాను.

"తొమ్మిది గంటలు!"

పడవ అటు తిరిగింది. తిమింగలం మాత్రం ఇటు, మూడు దగ్గర, అందరూ తడిసేలా నీళ్ళు చిమ్మి మునిగిపోయింది.

"ఈయన గడియారం ఆగిపోయినట్టుంది!" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. సరంగు నవ్వలేదు. ఇంజన్ ఆపి ముందుకొచ్చాడు.

వెనక్కి తిరిగి కూర్చుంటే నా ఎడమ పడవకి కుడి అని అప్పుడు గుర్తొచ్చింది. తప్పు నాదే అని చెబుదామనుకున్నాను. చెబితే మావయ్యకి కళ్ళు కనబడవని చెప్పినట్టే. చెప్పకపోయినా ఆయనకే మాట వస్తుంది. సరంగుకి దారిచ్చి పక్కకి జరిగాను.

అతను మావయ్యని ఆనుకుని నిలబడ్డాడు. మావయ్య అతని వైపు వంగి, చెవిలో మెల్లగా అడిగాడు.

"ఇప్పుడెక్కడుందే, కోడలా?"

సరంగు మావయ్య మోచెయ్యి పట్టుకుని, "కూర్చో అన్నా," అంటూ ఆయన్ని చూడవచ్చినవాళ్ళ బల్ల మీద కూర్చోబెట్టాడు.

ఇంటికి రాగానే అత్త ఏమైందని అడిగింది.

"పిల్ల సరిగ్గానే చెప్పింది. నేనే తప్పు విన్నట్టున్నాను. చెవులు కూడా పోతున్నాయే," అన్నాడు మావయ్య.

నేను వెనక్కి తిరిగి కూర్చున్న సంగతి ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.