వేడినీళ్ళ దొంగ

నేను ఒక హీటర్ రాడ్డుని. బకెట్టు అంచున వేలాడుతూ నీళ్ళు కాచే చుట్టల కడ్డీని. నన్ను పూర్తిగా నమ్మినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. స్విచ్చు ఆపుతారు, ప్లగ్గు పీకుతారు, పీకిన ప్లగ్గును కళ్ళారా చూసుకుంటారు, అయినా నీళ్ళలో వేలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతారు. కొందరైతే చెప్పులేసుకుని వచ్చి మరీ ముట్టుకుంటారు. ఇంత అనుమానం మధ్య పెరిగిన నాకు మనుషుల మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పుట్టింది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. తళతళలాడే పూత పూసి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద నవ్వుతున్న తల్లీబిడ్డల బొమ్మ వేశారు. ఆ తల్లి నన్ను ముద్దుగా చేత్తో పట్టుకుని ఉంటుంది. అలా పట్టుకున్న తల్లిని ఇంతవరకూ నేను చూడలేదు. నన్ను మొదట కొన్నది అమీర్‌పేట హాస్టల్ కుర్రాళ్ళు. వార్డెన్ కంటపడకుండా దిండు గలీబులో దాచేవాళ్ళు. నేను దొంగసరుకునని నాకు అక్కడే తెలిసింది. ఆ కుర్రాళ్ళలో శ్రీశైలం అనే సిద్దిపేట అబ్బాయి యోగా నేర్చుకున్నాడు, రజితను పెళ్ళి చేసుకున్నాడు, చైనాలో యోగా పాఠాలు చెప్పే ఉద్యోగం సంపాదించాడు. గది ఖాళీ చేసినప్పుడు బకెట్టు ఇంకొకరు ఎత్తుకుపోతే నేను అతని వాటాకు వచ్చాను.

రజిత నన్ను పాత చీరలో చుట్టి, పసుపు పొట్లానికీ మామిడికాయ తొక్కుకూ మధ్య పెట్టెలో పడుకోబెట్టింది. విమానం దిగాక ఒక అధికారి నన్ను బయటికి లాగి, వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తొక్కు సీసా మూత తీసి వాసన చూశాక మాత్రం అన్నీ తొందరగా సర్దేయమన్నాడు.

మేం చేరింది ఈశాన్య చైనాలోని చాంగ్‌చున్ నగరం. అక్కడి చలి సంగతి చెబితే మీరు నన్నే అనుమానిస్తారు. కిటికీ బయట ఆరేసిన తువ్వాలు అప్పడంలా బిగుసుకుపోతుంది. కొబ్బరినూనె సీసాలోనే రాయవుతుంది. యోగా గురువుగారు ఒకదాని మీద ఒకటి తొడిగిన బట్టలతో బూటు లేసు దాకా వంగలేక, రోజూ గుమ్మంలో నిలబడి భార్యను కేకేసేవాడు.

ఆ ఊళ్ళో చలికాలమంతా ప్రతి ఇంటికీ గొట్టాల్లో వేడినీళ్ళు పంపిస్తారు. కిటికీల కింద గోడకు బిగించిన ఇనుప పెట్టెల్లో ఆ నీళ్ళు తిరుగుతుంటే గదులు వెచ్చబడతాయి. ఆ నీళ్ళు గది వెచ్చబడటానికే, వాడుకోవడానికి కాదు. స్నానాలగదిలో జల్లు పంపు ఉంది గానీ అది చలికి వణుకుతూ చుక్క చుక్క రాల్చేది. రజితకు ఏడాది నిండబోతున్న బిడ్డ, పేరు మోక్ష. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి చెంబుతో నీళ్ళు పోయాలంటే బకెట్టు కావాలి, బకెట్టుకు నేను కావాలి. అయితే ఇల్లు ఇచ్చేటప్పుడే ఓనరు లియాంగ్ గట్టిగా చెప్పాడు: పాత వైర్లు, చుట్టల హీటర్లు పెట్టకూడదు. శ్రీశైలం బుద్ధిగా తలూపాడు. ఆ సాయంత్రమే స్విచ్చున్న బోర్డు ఒకటీ, నా గుండ్రటి కాళ్ళు పట్టే ప్లగ్గు ఒకటీ కొనుక్కొచ్చాడు. మనుషుల తల ఊపుడు మీద నాకున్న నమ్మకం ఆ రోజుతో పూర్తిగా పోయింది.

బియ్యం సంచి వెనక నా కాపురం. పొద్దున్నే తీసి, నీళ్ళు కాచి, మళ్ళీ దాచేవాళ్ళు. నేను కాచిన నీళ్ళలోనే నూనె సీసా పెట్టి కరిగించి, రజిత బిడ్డ మాడుకు అంటేది.

ఎదురింట్లో చియావ్ అనే ముసలమ్మ ఉండేది. రజిత ఆమెను చియావ్ అవ్వ అనేది. మంచాన పడ్డ మొగుడితో ఒంటరి కాపురం. తలుపు కొంచెం తెరిచి, ఒక్క కన్నుతో ప్రపంచాన్ని చూసేది. ఒకరోజు గిన్నె నిండా కుడుముల్లాంటివి తెచ్చిచ్చి, "పసిదానికి ఈ చలిలో రోజూ స్నానమేమిటి? జబ్బు చేస్తుంది" అంది. ఆమె వెళ్ళాక శ్రీశైలం ఆ మాట తెలుగులో చెప్పాడు. రజిత గిన్నె వాసన చూసి, "రోజు తానం జేపిస్తున్నమని ఈమెకెట్ల ఎర్కయిందయ్యా?" అంది మొగుడితో. చైనా మాటలు నాకెలా అర్థమయ్యాయని అడగకండి. తెలుగు ఎలా వచ్చిందని అడగలేదుగా.

డిసెంబరు నడిమికి పై అంతస్తుల ఇళ్ళు చల్లబడ్డాయి. ఎవరో తమ ఇంట్లో ఇనుప పెట్టె కొళాయి తిప్పి వేడినీళ్ళు తోడుకుంటున్నారని, అందుకే పైకి ఎక్కడం లేదని వేడి సరఫరా చేసే మనిషి తేల్చాడు. దాంతో మెట్ల మీద పంచాయితీ మొదలైంది. చియావ్ అవ్వ ఒక్క మాటే అంది: "ఆ విదేశీయుల ఇంట్లో రోజూ పొద్దున బకెట్ల కొద్దీ నీళ్ళ చప్పుడు." నిజమే, చప్పుడు ఉంది. అబద్ధం కన్నా ఇలాంటి నిజమే ఎక్కువ చెడుపు చేస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నన్ను దాచిన శ్రీశైలం అందరి ముందూ నీళ్ళు నమిలాడు.

దొంగను పట్టడానికి గొట్టాల్లో ఎర్ర రంగు కలిపారు. రంగు చేతికి అంటితే ఒకంతట పోదట. సోదాకు లియాంగూ, వేడి సరఫరా మనిషీ, వాళ్ళ వెనక పైఅంతస్తుల వాళ్ళూ వచ్చి మా తలుపు కొట్టారు. రజిత తలుపు తీసింది. ఆమె రెండు అరచేతులూ ఎర్రగా పండి ఉన్నాయి. మోక్ష మొదటి పుట్టినరోజని ముందు రోజే గోరింటాకు పెట్టుకుంది.

"ఇది మైదాకు! మా దిక్కు పెట్టుకుంటరు!" అని రజిత తెలుగులో మొత్తుకుని, సబ్బుతో చేతులు రుద్ది చూపించింది. ఎరుపు పోలేదు. పోదని చెప్పాంగా అన్నట్టు వేడి సరఫరా మనిషి తలాడించాడు. వారం లోపల ఇల్లు ఖాళీ చేయమన్నాడు లియాంగ్. ఆ చలిలో, దగ్గుతున్న బిడ్డతో, దొంగలన్న పేరుతో పోతే ఆ ఊళ్ళో వాళ్ళకు ఇల్లు ఇచ్చేవాడు ఉండడు. అది ముగ్గురికీ తెలుసు: వాళ్ళిద్దరికీ, నాకూ.

రజిత వంటగదిలోకి నడిచింది. శ్రీశైలం వెనకాలే వచ్చి గొంతు తగ్గించాడు.

"దాన్ని బయటికి తియ్యకు. మన మెడకు మనమే ఉరేస్కున్నట్టయితది."

"తియ్యకుంటె దొంగలమైతం. తీస్తె మాట దప్పినోళ్ళమైతం. నా బిడ్డకు దొంగ బిడ్డ అనే పేరొద్దు," అంటూ ఆమె బియ్యం సంచి జరిపింది.

అందరి ముందూ చన్నీళ్ళ బకెట్టు పెట్టి, నన్ను తగిలించి, స్విచ్చు వేసింది. జన్మలో మొదటిసారి నాకు భయమేసింది. ఇప్పుడు లోపల తీగ తెగితే ఈ పిల్ల గతేమిటి? బలమంతా కూడదీసుకుని కాగాను. బుడగలు లేచాయి, ఆవిరి వచ్చింది. ఏ దేశం వాళ్ళయినా కాగే నీళ్ళ చుట్టూ మూగి చూడాల్సిందే, చూశారు. చివరికి లియాంగ్ నోరు విప్పాడు.

"అంటే ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పారు. ఆ అబద్ధం చెప్పినవాళ్ళు ఈ అబద్ధం చెప్పరా?"

మాట మారలేదు. వారం అంటే వారమే. పోయేటప్పుడు తీసుకోండని నన్నూ బోర్డునూ ఎదురు గుమ్మంలో నిలబడ్డ చియావ్ అవ్వకు అప్పగించాడు.

ఆమె ఇంట్లోకి అడుగుపెట్టగానే నాకు కథంతా తెలిసింది. ఇనుప పెట్టె కొళాయి కింద ప్లాస్టిక్ తొట్టి, దాని చుట్టూ ఎర్ర చార. పైన ఆరేసిన పక్కగుడ్డలు గులాబి రంగు తిరిగి ఉన్నాయి. ముసలాయన రోజూ పక్క తడుపుతాడు. ఆమె నీళ్ళు కాచే యంత్రం ఎప్పుడో పాడయింది. సోదా మా గుమ్మంలోనే ఆగిపోవడంతో ఈమె తలుపు ఎవరూ కొట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. అసలే మండే ఒళ్ళు.

మర్నాడు నన్ను బకెట్టుకు తగిలించి వాడటం మొదలుపెట్టింది. కొళాయి జోలికి పోలేదు. రెండు రోజుల్లో పై ఇళ్ళు వెచ్చబడ్డాయి. "చూశారా, విదేశీయులను పట్టుకున్నాం, వేడి వచ్చింది" అని మెట్ల మీద అనుకోవడం నాకు వినబడింది. ఆమెకూ వినబడింది. గుడ్డలు పిండుతూ ఉండిపోయింది.

గడువుకు ముందు రోజు రజిత ఆ కుడుముల గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. మనవాళ్ళు గిన్నె ఉత్తగా ఇవ్వరు కదా, నాలుగు నువ్వుల లడ్డూలు పెట్టింది. సరిగ్గా అప్పుడే చియావ్ అవ్వ, నేను కాగుతూ ఉండగానే, వేడి చూద్దామని నీళ్ళ వైపు చెయ్యి చాపింది.

"అవ్వా! చెయ్యి పెట్టకు!"

భాష అర్థం కాకపోయినా ఆ అరుపుకు ముసలిది బిగుసుకుపోయింది. రజిత ఉరికి వచ్చి స్విచ్చు ఆపింది, ప్లగ్గు పీకింది, అప్పుడు ఊపిరి తీసుకుని తలెత్తింది. గులాబి గుడ్డలు కనబడ్డాయి. తొట్టి కనబడింది. మంచం మీద నోరు తెరుచుకుని చూస్తున్న ముసలాయన కనబడ్డాడు. ఇప్పుడు మెట్ల మీదికి పోయి ఇల్లెక్కి కూస్తుందని నేను ఎదురుచూశాను. కూయాలనే కోరుకున్నాను.

రజిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత అవ్వ చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తీసుకొచ్చి, స్విచ్చు మీద పెట్టి చూపించింది. ముందు ఇది. తర్వాత ప్లగ్గు. ఆ తర్వాతే నీళ్ళు. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రజిత పుణ్యానికి పోయి ఊరుకుందో, ఈ గుట్టు ఎప్పుడైనా పనికొస్తుందని దాచుకుందో నేను తేల్చుకోలేకపోయాను. అవ్వకూ అదే అనుమానం కాబోలు, లడ్డూ ముట్టలేదు. చీకటి పడకముందే లియాంగును పిలిపించి, పైఅంతస్తుల వాళ్ళు కూడా వినేలా మెట్ల మీదే చెప్పింది.

"ఇన్నాళ్ళూ మా కొళాయే కారిందయ్యా. నాకు చూపు ఆనక కనిపెట్టలేదు. బిగించుకున్నాక అందరికీ వేడి వచ్చింది. ఆ పిల్లల తప్పేం లేదు."

సగం అబద్ధం. లియాంగ్ ఆమె చేతుల వైపు చూశాడు, మా తలుపు వైపు చూశాడు. అతనికీ అనుమానం లేకపోలేదు, కానీ ముసలమ్మ చూపును పరీక్షించడం ఎవరి తరం? రజిత వాళ్ళను ఇంట్లోనే ఉండమన్నాడు. అవ్వ లోపలికి వచ్చి నిలబడే ఒక లడ్డూ తినేసింది.

ఇప్పుడు నా కాపురం చియావ్ అవ్వ ఇంట్లోనే. లియాంగ్ ఆ తలుపు తట్టడు. పొద్దున్నే ముసలాయన గుడ్డలకు నీళ్ళు కాస్తాను, తర్వాత మోక్ష కోసం ఇంకో బకెట్టు. నిన్న రజిత బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "ఆపేశాను" అంది అవ్వ. రజిత బోర్డు వైపు చూడకుండానే నీళ్ళలో చెయ్యి పెట్టి వేడి చూసింది.

నేనే ఆగలేక స్విచ్చు వైపు చూశాను. ఆపే ఉంది.