నడుం మీద చెయ్యి

టీవీలో ఆ సినిమాను ఉతికి ఆరేస్తున్నారు. జగిత్యాల చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతున్న బుచ్చన్న, సినిమా పేరు వినగానే తలెత్తాడు. ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా అది. హీరోకు బదులు గోపురం ఎక్కింది మాత్రం, బుగ్గారంలో బుచ్చన్నతో పాటు తాడిచెట్లెక్కి కల్లు గీసే అతని కొడుకు మహిపాల్. నడుముకు కట్టిన తీగ తెగి షూటింగులోనే పడి చచ్చిపోయాడు. "గా పడ్డది తీసేయుర్రి సారూ, తల్లి సూసి తట్టుకోలేదు" అని కంపెనీవాళ్లను వేడుకున్నాడు బుచ్చన్న. తీసేశామని ఒట్టేసి మరీ చెప్పారు.

"అయిదుకు ఒక్కటిచ్చినా ఎక్కువే," అంటున్నది టీవీలో అమ్మాయి. "అన్నిటికన్నా కామెడీ, మన సూపర్ హీరో పడిపోతూ ప్యాంటు పట్టుకోవడం!"

తెరమీద ఎర్రబట్టల మనిషి పడుతున్నాడు. చెయ్యి నడుం దగ్గర తడుముకుంటున్నది. ప్యాంటు కాదది. తాడిచెట్టు మీద కాలు జారితే ఏ గీత కార్మికుడి చెయ్యైనా ముందు నడుముకున్న మోకు తాడు మీదికే పోతుంది. కెమెరాలో కనబడుతుందని కంపెనీవాళ్లు వాణ్ణి మోకు కట్టుకోనివ్వలేదు. ఒట్టు గట్టున పెట్టారు, దొంగలు!

ఇంట్లో భార్య సమ్మవ్వదేమో ఒకటే పోరు. కొడుకు గోపురం ఎక్కుతుంటే ఒక్కసారి చూడాలని.

సకల జనుల సమ్మె రోజులవి. బుచ్చన్న చాయ్ వదిలేసి తెలంగాణ దీక్షా శిబిరానికి ఉరికాడు. అక్కడ అజయ్ అనే పిల్లగాడు అందరికీ పెద్ద.

"గా సినిమా ఆపుర్రి, కొడుకా."

"దాన్ని సూసెటోడే లేడు కాకా. అదే పోతది. మేమెందుకు ఆపుడు?"

బుచ్చన్న కారణం చెప్పకుండా ముందుకు వంగాడు. "నీ కాళ్లు మొక్కుత," అన్నాడు. ఆ ముఖం చూసి అజయ్ ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నానికి పోస్టర్లు చిరిగాయి, టాకీసుకు తాళం పడింది. జన్మలో ఒక బందుకు అంతగా సంబురపడ్డది అదే మొదలు, పిచ్చి మారాజు.

బస్సులు లేవు. ఆటోలో వేలాడుతూ ఊరు చేరేసరికి ఇంట్లో సమ్మవ్వ లేదు. పక్కింటి మల్లవ్వ ఇంట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

సమ్మవ్వ అక్కడ టీవీ ముందు కింద కూర్చుని ఉంది. అదే ముక్క. వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ పడేస్తున్నారు, పైగా పిల్లల బొమ్మల సినిమాల్లో లాగా చప్పుళ్లు కూడా కలిపారు, వాళ్ల నోళ్లు పడిపోను! మల్లవ్వ మనవలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

బుచ్చన్న ఒక్క అంగలో పోయి టీవీ మీట మీద చెయ్యేశాడు. సమ్మవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"మనోడే," అంది. "నాకెరుకైంది."

"బంద్ జేస్తనే..."

"జెయ్యకు." ఆమె తెరమీంచి కళ్లు తిప్పలేదు. "మల్ల సూపిస్తరు. కింద పడేదాక బతికే ఉంటడు."