మొదటి దెబ్బ

మంచు మామను కాలరు పట్టుకుని గేటు బయటికి నెట్టేస్తుంటే ఎనభై మందిమి బెల్లం కొట్టిన రాళ్లలా నిలబడి చూశాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

ఊరి కింద మెట్రో సొరంగం తవ్వుతున్నాం. అక్కడంతా నీళ్లూరే ఇసుక. అందుకని చుట్టూ గొట్టాలు దింపి, సున్నాకంటే బాగా కిందికి చల్లబరిచిన ఉప్పునీటిని ఆగకుండా తిప్పుతారు. ఇసుక గడ్డకట్టి రాయిలా అవుతుంది. ఆ మంచుగోడ చాటునే మా తవ్వకం. గోడ కరిగితే అందరికీ అక్కడే సమాధి. గొట్టాల చలి చూసి పుస్తకంలో రాసేది మామ, అందుకే మంచు మామ అయ్యాడు. కంట్రాక్టరు ఆ నీటిని చల్లబరిచే యంత్రాల్లో ఒకదాన్ని ఇంకో స్టేషనుకు తరలించి, "మైనస్ ఇరవై ఎనిమిదని రాయి" అన్నాడు. "మైనస్ తొమ్మిదే ఉంది, తొమ్మిదే రాస్తా" అన్నాడు మామ. ఆ మాటకే గెంటేశారు.

మాకొక అలవాటుండేది. కిందికి దిగగానే గోడమీద ఒక్క సుత్తి దెబ్బ వేసి, ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. ఖంగుమంటేనే పార పట్టేవాళ్లం. టైము దండగని కంట్రాక్టరు నెల కిందట మాన్పించాడు. మేమూ నోరెత్తకుండా మానేశాం. ఆ తప్పు మాదే.

ఆ రోజు దిగాక, మామ కూతురు నా చేతిలో సుత్తి లాక్కుంది. మట్టి ఎత్తే పని ఆమెది. ఆయన అందరికీ మామ గనక ఈమె అందరికీ వదిన.

గోడమీద కొట్టింది. దబ్బుమంది. ఇంకోచోట కొట్టింది. తడిబట్ట బండకేసి బాదినట్టు అదే చప్పుడు.

"మా నాన్న రాసింది అబద్ధమా? చెప్పండి!"

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "మీటరు బాగానే ఉంది! పని కానివ్వండి!"

"అయితే ముందు నువ్వు తవ్వు సార్, నీ వెనకాలే మేం" అన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అంతమందిమీ నవ్వాం.

"రేపు మననీ గెంటేస్తారు వదినా" అని వెల్డరు నసిగాడు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు. పైకి నడు!"

"మనం పైకెళ్తే రెండో షిఫ్టు వాళ్లని దింపుతాడుగా?"

నిజమే. అందుకే పైకొచ్చి సొరంగం దారికి అడ్డంగా కూర్చున్నాం. రెండో షిఫ్టు వచ్చింది. "ఈ సోమరిపోతుల మాట వినకండి, దిగండి" అని కంట్రాక్టరు కేకలేశాడు. వాళ్లు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు. ఇంతలో పోలీసులొచ్చి వదినను వ్యానులోకి ఈడ్చారు.

"దెబ్బ వెయ్యకుండా దిగొద్దు!" అని ఆమె అరుస్తూనే ఉంది.

అప్పుడు కింద నేల మూలిగింది. ఇసుక కలిసిన నీళ్లు హోరుమని ఖాళీ సొరంగంలోకి దూకాయి. మేం తవ్వే చోటు పైనుంచి చూస్తుండగానే మునిగిపోయింది. కంట్రాక్టరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా పోలీసులు వదినను దింపలేదు.

రెండో షిఫ్టు మేస్త్రి సుత్తెత్తి సొరంగం దారి ఇనుప కటకటాల మీద ఒక్క దెబ్బ వేశాడు. "మామా వదినా తిరిగొచ్చేదాకా ఎవడూ దిగడు!" అని మా పక్కన కూర్చున్నాడు. అతని వెనక షిఫ్టంతా కూర్చుంది.

మా యంత్రం తరలిపోయిన ఆ ఇంకో స్టేషనులో మర్నాడు పొద్దున్నే కార్మికులు గోడమీద మొదటి దెబ్బ వేశారు. వాళ్ల గోడ ఖంగుమంది. అయినా పారలు పడేసి అందరూ పైకొచ్చేశారు.