చలిలో బతికే పురుగులు

వాడరేవు ఐస్ ఫ్యాక్టరీలోకి తనని అడక్కుండా చలి కూడా రాదని అక్కడ పనిచేసే బాజీ చెప్పుకునేవాడు. చలి గురించి తనకి తెలియనిదేదైనా ఉంటే అది ఇంకా పుట్టనే లేదనేవాడు. పుట్టి చాలా కాలమైందని, బస్సులో ఫ్లాస్కులో కూర్చుని మరీ వస్తుందని 2003 ఎండాకాలంలో తేలింది.

ఫ్లాస్కు తెచ్చినామె శివపార్వతి, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఐసు డబ్బాలు మునిగుండే ఉప్పునీళ్ల తొట్టిలోకి మిషను ఆయిలు కారి నల్లటి తెట్టు కట్టింది. ఆ ఐసులో పెట్టిన చేపలు సముద్రంలో కాక పెట్రోలు బంకులో పట్టినట్టు కంపు కొడుతున్నాయి. ఓనరు ఆ నీళ్లన్నీ వెనకవైపు ఇసకలోకి వదిలేస్తానన్నాడు. ఆ ఇసకలోనే గురవమ్మ దొరువుంది. ఇసక తవ్వితే ఊరే ఆ తియ్యటి నీళ్లే పాలెమంతా తాగేది. వాటితోనే ఆమె తోటకూర పండించుకుని బతికేది.

శివపార్వతి బతిమాలి రెండు వారాలు గడువు తీసుకుంది. తన దగ్గరున్న కంటికి కనపడని పురుగులు గడ్డకట్టే చలిలో, ఉప్పునీళ్లలోనే బతుకుతాయని, నూనె తినేస్తాయని చెప్పింది. ఆ పూట కరెంటు లేదు. తొట్టి మళ్లీ చల్లబడ్డాక ఫ్లాస్కులోని సీసా మూత తీసి, లోపలి గడ్డ కరక్కుండా సీసాతోపాటే అందులోకి దించమని బాజీకి అప్పగించి బస్సెక్కింది.

కరెంటు వచ్చింది, తొట్టి చల్లబడింది. బాజీ మూత తీస్తే లోపల రాయిలా గడ్డ. డబ్బాలోంచి ఐసు దిమ్మ ఊడకపోతే ఫ్యాక్టరీలో ఎవరైనా చేసేది ఒకటే, మామూలు నీళ్ల తొట్టిలో ముంచడం. అలవాటైన చెయ్యి అదే చేసింది. ఇంతకాలం చలికి ఎంత వణికాయోనని జాలిపడి, అన్నం తిని వచ్చేదాకా సీసాని ఎండలో కూడా పెట్టాడు. ఆ తర్వాతే ఉప్పునీళ్లలో పోశాడు.

పురుగులు ఆయిలు తాగి తేన్పుతున్నాయని, ఆ చప్పుడుకి తనకి నిద్ర పట్టడం లేదని పాలెమంతా చెప్పాడు. గురవమ్మ నమ్మి, కొత్త మడికి విత్తనాలు కూడా చల్లింది.

తెట్టు మాత్రం చెక్కు చెదరలేదు. గడువైపోగానే ఓనరు నీళ్లు వదిలేశాడు. నాలుగు రోజులకి గురవమ్మ దొరువులో దోసిలి ముంచి, నోట్లో పోసుకుని, ఉమ్మేసింది. తోటకూర మొదలంటా మాడిపోయింది.

శివపార్వతి ఇంకో సీసాతో వచ్చేసరికి గురవమ్మ ఖాళీ బిందెతో ఫ్యాక్టరీ కుళాయి దగ్గర నిలబడి ఉంది. తన పురుగులకే ఇక్కడ బతికే శక్తి లేదేమోనని శివపార్వతి తలొంచుకుని ఒప్పుకుంది. తర్వాత సీసా బాజీ చేతికిచ్చింది.

"మొన్న ఎలా పోశావో అలాగే చేసి చూపించు బాజీ."

బాజీ మూత తీశాడు. చెయ్యి దానంతటదే మామూలు నీళ్ల వైపు వెళ్లింది. సగంలో ఆగింది.

"ఇందులో ముంచావా?" అంది శివపార్వతి, మెల్లగా.

ఏదో ఒక కోత కొయ్యాలని నోరు తెరిచాడు.

"ముంచాను మేడమ్. ఎండలో కూడా పెట్టాను," అని గురవమ్మ వైపు తిరిగాడు. "అవి ఏమీ తినలేదు పిన్నీ. తొట్టిలో పొయ్యకముందే చచ్చిపోయుంటాయి. తేన్పులూ అవీ అన్నీ నేను చెప్పినవే. నీ దొరువు నావల్లే పోయింది."